కంపెనీలో పనిచేస్తూ మనసులో మాట రాయొచ్చా? హెచ్‌ఆర్‌లో ఇరవై ఆరేళ్లు చేసినదానిగా నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖలో ఋషికొండ ఐటీ హిల్స్‌లో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు. ఫేస్‌బుక్‌లో తెలుగులో రాయడం అలవాటు. రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లారగట్ల క్యాబ్‌లో బీచ్ రోడ్డు మీదుగా ఇంటికొస్తూ ఏమనిపించిందో ఒక పోస్టు రాశారు. కంపెనీ పేరు ఎక్కడా పెట్టలేదు. మూడో రోజు హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి తీసేయమన్నారు, తీసేశారు. ఇప్పుడు అడుగుతున్నవి రెండు. అలా తీసేయమనే హక్కు వాళ్లకుందా? ఉద్యోగం చేస్తున్నన్నాళ్లూ మనసులో మాట రాయడం మానుకోవాల్సిందేనా?

మొదటిదానికి జవాబు: కొన్ని విషయాల్లో ఉంది, అన్నింట్లో లేదు. మీ పోస్టు గురించి మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అది వాళ్లకు హక్కున్న జాబితాలోకి రాదు. రెండోదానికి జవాబు: అక్కర్లేదు. మీరు సంతకం పెట్టి కంపెనీకి ఇచ్చింది మీ పనిని, పనిలో తెలిసిన రహస్యాలను. మిగిలినది మీ దగ్గరే ఉంది. కాకపోతే ఆ మిగిలినదాన్ని కంపెనీ లాక్కోకుండానే మనం వదిలేస్తుంటాం. నేను ఎక్కువగా చెప్పదలుచుకున్నది దాని గురించే, ఎందుకంటే ఇరవై ఆరేళ్లు నేను కూర్చున్నది టేబుల్‌కి అటువైపు.

గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో, మా హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్‌ని ఇంకా పర్సనెల్ అని పిలిచే రోజుల్లో చేరాను. తర్వాత పరవాడలో ఒక మందుల కంపెనీ, చివరి ఆరేళ్లు మీ కొండమీదే ఒక ఐటీ కంపెనీ. మెమోలు రాశాను, సోషల్ మీడియా పాలసీలు రాశాను, మీలాంటివాళ్లను పిలిచి పోస్టులు తీయించాను కూడా. అందులో ఒకటి చెప్పకుండా ముందుకెళ్లలేను.

2017లో పరవాడలో ఉన్నప్పటి సంగతి. మందుల నాణ్యత పరీక్షించే క్యూసీలో అనలిస్టుగా ఒకమ్మాయి ఉండేది. చోడవరం వైపు పల్లె. రాత్రి షిఫ్టు దిగి కంపెనీ బస్సులో లంకెలపాలెం వచ్చేసరికి తెల్లారుతుంది. ఆ బస్సు కిటికీ గురించి, రెండుసార్లు తలంటుకున్నా జుట్టులోంచి పోని సాల్వెంట్ వాసన గురించి ఆరు లైన్ల కవిత రాసి పెట్టింది. కంపెనీ పేరు లేదు. కానీ ప్రొఫైల్‌లో ఎక్కడ పనిచేస్తోందో ఉంది. విదేశీ కస్టమర్ల ఆడిట్ పది రోజుల్లో ఉంది. ప్లాంట్ హెడ్ ఆ పోస్టు ప్రింటు తీసి, వాసన అన్న మాట మీద పసుపు రంగు హైలైటర్ గీసి నా టేబుల్ మీద పెట్టారు.

పిలిచాను. వచ్చి కూర్చుంది. ల్యాబ్ కోటు తీసి చేతిమీద మడత పెట్టుకుంది. నేను మెల్లగానే చెప్పాను. "ఏటి మేడమ్, వాసన వస్తందని చెప్తే తప్పా?" అంది. నేను ఆడిట్ గురించి చెప్పాను. ఇంకేం మాట్లాడలేదు, నా ముందే ఫోను తీసి తుడిచేసింది. అక్కడితో లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. ఫోను నా వైపు తిప్పి కిందకి జరుపుతూ ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టింది. వాళ్ల నాయనమ్మ పిడకలు కొట్టిన గోడ ఫొటో. "ఇది ఉంచొచ్చా మేడమ్?" సింహాచలం చందనోత్సవానికి క్యూలో ఆరు గంటలు నిలబడ్డ కబుర్లు. "ఇది ఉంచొచ్చా?" ఉంచమ్మా, వాటితో మాకేం పని అన్నాను. సాయంత్రం చూస్తే అవి కూడా లేవు. ఆ తర్వాత నేనున్నంతకాలం ఆ అమ్మాయి పేజీలో పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ కనిపించలేదు.

నేను తీయమన్నది ఒక్కటి. పోయినవి అన్నీ. ఆ తప్పులో నా వంతు నాకుంది. అందుకే మీ ప్రశ్న చూడగానే ఇంత రాయడానికి కూర్చున్నాను.

ఇప్పుడు చట్టం సంగతి, పొడిగా కాదు, మీకు పనికొచ్చేంతవరకు. చాలామంది మెమోకి జవాబులో ముందుగా రాసేది రాజ్యాంగం, ఆర్టికల్ 19(1)(ఎ), భావ ప్రకటనా స్వేచ్ఛ. ఆ హక్కు మొదటి నుంచీ ప్రధానంగా ప్రభుత్వం జోక్యం చేసుకోకుండా ఇచ్చింది. ప్రైవేటు కంపెనీ మిమ్మల్ని జైల్లో పెట్టడం లేదు, మీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం నడుచుకోమంటోంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆర్టికల్ 19, 21 హక్కులను ప్రభుత్వం కానివాళ్ల మీద కూడా అమలు చేయమని అడగొచ్చని మెజారిటీ తీర్పు ఇచ్చింది, నిజమే. అయినా దాన్ని నమ్ముకుని ఒక మెమోకి ఎదురెళ్లమని నేను ఎవరికీ చెప్పను. కోర్టులో గెలిచే రోజుకి మీ ప్రాజెక్టు ఉండదు, టీమ్ ఉండదు. మీ బలం రాజ్యాంగంలో కంటే మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే ఎక్కువ ఉంది. అందులో ఏం రాశారో, ముఖ్యంగా ఏం రాయలేదో చూడాలి.

ప్రభుత్వ రంగంలో ఉన్నవాళ్లకి లెక్క కొంచెం వేరు. ప్రభుత్వ కంపెనీ కూడా ప్రభుత్వం కిందకే వస్తుంది కాబట్టి అక్కడ ఆర్టికల్ 19 నేరుగా పనిచేస్తుంది. అలాగని అడ్డు లేదనుకోవద్దు. కర్ణాటకలో ఒక రాష్ట్ర ప్రభుత్వ కార్పొరేషన్ ఉద్యోగి సంస్థలో అక్రమాలు జరుగుతున్నాయని గవర్నరుకు ఉత్తరం రాశాడు, పత్రికలకు ప్రకటన ఇచ్చాడు. ఉద్యోగం తీసేశారు. 1998లో సుప్రీంకోర్టు ఆ తీసివేత సరైనదేనని చెప్పింది. సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించకూడదన్న సర్వీసు రూలు వాక్ స్వాతంత్ర్యం మీద దాడి కాదు, ఉద్యోగ క్రమశిక్షణ కోసం పెట్టుకున్నది అన్నది కోర్టు మాట. నాకు ఆ తీర్పు మింగుడు పడదు. కానీ అది ఉందని తెలియకుండా ఎవరూ పేపరుకి ఎక్కకూడదు.

మన ఊళ్లోనే దీనికి రెండో వైపు కూడా చూశాం. 2021 జనవరి 27న స్టీల్ ప్లాంట్ వాటాలు నూటికి నూరు శాతం అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. తర్వాత కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. అక్కడ కార్మికులు యాజమాన్య నిర్ణయాన్ని, ప్రభుత్వ నిర్ణయాన్ని మైకులో, తమ పేర్లతో, టీవీల ముందు తప్పుపట్టారు. ఒక్కడే ఫేస్‌బుక్‌లో రాస్తే మెమో వచ్చే మాట, యూనియన్ బ్యానర్ కింద పదిమంది నిలబడి అంటే చర్చలకి పిలుపు వస్తుంది. యూనియన్ ఉన్నచోట మాట్లాడటానికి ఒక నేల దొరుకుతుంది. ఐటీ హిల్స్‌లో అది లేదు. మీ ఒంటరితనానికి సగం కారణం అదే. మీరు భయస్తులు కావడం కాదు.

ఇక నిజంగా రాయకూడనివి. వీటిలో నేను కంపెనీ పక్షమే.

క్లయింటు పేరు, కోడ్, డేటా, స్క్రీన్ ఫొటో. లిస్టెడ్ కంపెనీ, అంటే షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నది అయితే ఇంకా బయటకు రాని లెక్కలు, డీల్స్. ఇవి స్టాక్ మార్కెట్లను చూసే సెబీ 2015లో పెట్టిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) నిబంధనల కిందకు వెళ్తాయి, అంటే మీ హెచ్‌ఆర్ చేతిలో కూడా ఉండదు. లైంగిక వేధింపుల ఫిర్యాదు నడుస్తుంటే ఎవరు ఎవరి మీద ఇచ్చారు, విచారణలో ఏమైంది అన్నది బయటపెట్టకూడదని 2013 చట్టమే చెబుతోంది, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా. మేనేజరు పేరు పెట్టి దొంగ అనడం పరువునష్టం అవుతుంది. ఐపీసీ పోయి 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహిత వచ్చినా పరువునష్టం నేరంగానే ఉంది. తోటి ఉద్యోగి జబ్బు, జీతం, ఇంటి గొడవ కూడా మీవి కావు, రాయొద్దు.

ఇంతే. నిద్ర చాలడం లేదని, తెల్లారగట్ల సముద్రం బూడిద రంగులో ఉందని, ఇంటికెళ్లేసరికి పాప స్కూలుకెళ్లిపోతోందని రాయడం ఈ జాబితాలో ఎక్కడా లేదు. అది మీ బతుకు. ఒప్పందంలో అది రాయించుకునేవాళ్లు ఎవరూ లేరు.

మరి హెచ్‌ఆర్ ఎందుకు పిలిచింది? "కంపెనీ ప్రతిష్ఠకు భంగం కలిగించే ఏ చర్యా" అని ఒక వాక్యం అందరి పాలసీల్లోనూ ఉంటుంది. అది కావాలనే వెడల్పుగా రాస్తారు. నేనూ అలాగే రాశాను. ఎవరికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు ఎంతవరకైనా సాగుతుంది. పరవాడ సంగతి తర్వాత ఆ వాక్యం తీసేసి, ఏవి రాయకూడదో వరసగా రాసిపెడదామని నేను అడిగాను. జాబితా పెట్టడానికి ఒప్పుకున్నారు, ఆ వాక్యం తీయడానికి ఒప్పుకోలేదు. మీ కంపెనీలో కూడా అదే ఉండి ఉంటుంది. అలాంటి క్లాజు చూపించి ఏదైనా తీయమన్నప్పుడు ఏ క్లాజు ప్రకారం, ఏ వాక్యం అభ్యంతరమో మెయిల్‌లో చెప్పమని మర్యాదగా అడగండి. గదిలో కూర్చుని నోటితో చెప్పడం తేలిక. కాగితం మీద "నిద్ర చాలడం లేదు అన్న వాక్యం తీసేయండి" అని రాయడానికి నాకే చెయ్యి ఆడేది కాదు. పదిలో ఆరేడు సార్లు ఆ మెయిల్ రాదు, విషయం అక్కడితో ఆగిపోతుంది. ఇది నా అనుభవం, గ్యారంటీ కాదు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు ఈ ప్రయోగం చెయ్యొద్దు. నోటీసు ఇచ్చి కారణం చెప్పకుండా పంపించెయ్యడానికి కంపెనీకి అప్పుడు చాలా తేలిక.

తెలుగులో రాశాను కదా, ముంబయిలో కూర్చున్నవాళ్లకేం తెలుస్తుందిలే అని మీరు ఒక మాట అన్నారు. ఆ ధైర్యం పెట్టుకోకండి. నా దగ్గరకి వచ్చిన స్క్రీన్‌షాట్లలో ఒక్కటి కూడా హెడ్డాఫీసు వెతికి పట్టుకున్నది కాదు. అన్నీ పక్క సీటు నుంచి వచ్చినవే. కొన్నిటికి ఇంగ్లీషు అనువాదం కూడా జతచేసి పంపేవారు, అసలు లేని కోపం కలిపి. ఫ్రెండ్స్ ఓన్లీ అన్న సెట్టింగ్ కూడా అంతే.

కలం పేరు మాటేమిటని కింద ఇంకొకరు అడిగారు. అది మన భాషలో పాత దారి. బీనాదేవి పేరుతో కథలు రాసింది భార్యాభర్తలు. భర్త న్యాయశాఖలో పనిచేసేవారు. కోర్టుల్లో పేదవాళ్లకు జరిగేది లోపలి నుంచి చూసినవాళ్లు రాస్తే ఎలా ఉంటుందో ఆ కథల్లో తెలుస్తుంది. అందుకే కలం పేరు పిరికితనం అంటే నేను ఒప్పుకోను. కాకపోతే ఇప్పుడు దానికి ఆయుష్షు తక్కువ. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు వైఫైలో ఆ అకౌంట్ ఒక్కసారి తెరిచినా జాడ ఉంటుంది. మీ టీమ్‌లో జరిగిన సంఘటన మర్నాడే రాస్తే పేరు ఏదైనా మీరేనని తెలిసిపోతుంది. సంఘటనకీ రాతకీ మధ్య ఆరునెలలు పోనివ్వండి. రాతకీ అది మంచిదే.

"అభిప్రాయాలు నా వ్యక్తిగతం" అని ప్రొఫైల్‌లో పెట్టుకోవడం మంచిదే, కానీ అది గొడుగు కాదు. దానికంటే ప్రొఫైల్‌లోంచి కంపెనీ పేరు తీసేయడం, ఐడీ కార్డు మెడలో ఉన్న ఫొటోలు పెట్టకపోవడం ఎక్కువ పనిచేస్తాయి.

మీరు రాసిన కథలు, కవితలు కంపెనీవైపోతాయా అన్న భయం కొందరికి ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకి మొదటి హక్కుదారు యజమాని అని 1957 కాపీరైట్ చట్టం చెబుతుంది, వేరే ఒప్పందం లేకపోతే. మీరు ఇంట్లో, మీ సొంత లాప్‌టాప్‌లో, మీ పనికి సంబంధం లేకుండా రాసుకున్న కథ దాని కిందకి రాదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో "ఉద్యోగ కాలంలో సృష్టించినవన్నీ" అని గంపగుత్తగా ఉంటే మాత్రం చేరేముందే అడిగి, సాహిత్య రచనలు దీంట్లోకి రావని ఒక మెయిల్ తీసుకోండి. నేను అలాంటి మెయిళ్లు ఇచ్చాను. అడిగినవాళ్లు చాలా తక్కువమంది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా చెప్పాలి. మనసులో మాట వేరు, ప్రమాదం గురించి ఫిర్యాదు వేరు. రెండోదాన్ని ఫేస్‌బుక్‌తో మొదలుపెట్టొద్దు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకైన తర్వాత మన ఊళ్లో ఏ పైపు వాసన వచ్చినా ఎవరో ఒకరు వీడియో తీస్తున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, పన్నెండు మంది పోయారు. అయినా ఉద్యోగిగా మీ రక్షణ ముందు లోపలి కాగితంలోనే ఉంది.

గాజువాకలో మా దగ్గర ఒక ఫిట్టరు క్రేన్ హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్ పనిచేయడం లేదని వీడియో తీసి షిఫ్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది ఎవరి చేతులో మారి లోకల్ ఛానల్లో వచ్చింది. ఫోను నిషేధమున్న చోట వీడియో తీశాడని, పైవాళ్లకి చెప్పకుండా బయటపెట్టాడని కంపెనీ చార్జిషీటు ఇచ్చి సస్పెండ్ చేసింది. ఎంక్వైరీలో అతను షాప్ లాగ్‌బుక్ తెప్పించమన్నాడు. నేనే తెచ్చాను. మూలలు నూనె మరకలతో నల్లబడిన పుస్తకం. మూడు వేర్వేరు తేదీల్లో అదే స్విచ్ గురించి అతని రాత, పక్కన షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ ఇనీషియల్. గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ఫోను తెచ్చినందుకు హెచ్చరికతో సరిపెట్టారు, సస్పెన్షన్ ఎత్తేశారు. స్విచ్ ఆ వారమే మార్చారు. ఆ మూడు లైన్లు లేకపోతే అతని మాట నమ్మించడానికి ఎవరి తరమూ అయ్యేది కాదు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణలో, ప్రమాదకర ప్రక్రియలున్న చోట ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యానికి, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకు చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. ఇప్పుడు లేబర్ కోడ్‌లతో చట్టాల పేర్లు, సెక్షన్లు మారాయి కాబట్టి నంబరు రాసేముందు లాయరును అడగండి. లిస్టెడ్ కంపెనీల్లో విజిల్‌బ్లోయర్ ఏర్పాటు, అంటే లోపలి తప్పును బయటపెట్టే ఉద్యోగికి ఒక దారి, ఉండాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆడిట్ కమిటీ ఛైర్మన్‌కి నేరుగా వెళ్లే దారి అందులో ఉంటుంది. మీ లైన్ మేనేజరు మీదే ఫిర్యాదైతే అదే దారి.

అజ్ఞాత సర్వేల గురించి కూడా ఒక్కమాట, ఎందుకంటే అందులో మనసు విప్పి రాసి దెబ్బతిన్నవాళ్లను చూశాను. పేరు అడగరు. కానీ టీమ్, సర్వీసు ఎన్నేళ్లు, స్త్రీయా పురుషుడా అని అడుగుతారు. పన్నెండు మంది టీమ్‌లో ఆ మూడూ కలిపితే మిగిలేది ఒక్కరే. ఐదుగురికి తక్కువ ఉన్న గుంపు జవాబులు విడిగా మేనేజరుకి చూపించకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. అందరూ పెట్టుకోరు. వివరాల గడులు ఖాళీగా వదిలేసే వీలుంటే వదిలేయండి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. కొండమీద చివరి ఆరేళ్లలో పోస్టులు తీయించడం కంటే పెట్టించడం ఎక్కువ చూశాను. పొద్దున పదకొండింటికి కంపెనీ పేజీలో ఒక పోస్టు వస్తుంది, అందరూ షేర్ చేసి "గర్వంగా ఉంది" అని రాయాలి. ఎవరు చేశారో ఎవరు చేయలేదో ఒక ఎక్సెల్ షీటు నా దగ్గరకి వచ్చేది. ఒకసారి పద్దెనిమిది మందిని తీసేసిన వారం కూడా ఆ పోస్టు ఆగలేదు. మిగిలినవాళ్లు షేర్ చేశారు. మనసులో ఉన్నది చెప్పకపోవడం ఒక ఎత్తు, మనసులో లేనిది రోజూ చెప్పడం ఇంకో ఎత్తు. రెండోది అలవాటైతే ఎగ్జిట్ ఇంటర్వ్యూలో, కంపెనీ వదిలి వెళ్లిపోయే రోజున, ఇక పోయేదేమీ లేనప్పుడు కూడా నోరు తెరుచుకోదు. "అంతా బాగుంది మేడమ్, కెరీర్ గ్రోత్ కోసం వెళ్తున్నాను." ఈ వాక్యం నేను వందలసార్లు విన్నాను. కళ్లలో నీళ్లు పెట్టుకుని కూడా అదే వాక్యం చెప్పినవాళ్లున్నారు. రిలీవింగ్ లెటర్ చేతికి రావాలి, రేపు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఎవరూ చెడ్డగా చెప్పకూడదు, ఆ భయం నాకు తెలుసు. దాన్ని తప్పుపట్టను.

షేర్ చేయమని మీకూ వస్తుంటే, అది పాలసీలో ఉందా అని చూడండి. నేను చూసిన ఏ పాలసీలోనూ లేదు. ఉత్త ఒత్తిడే. మానేసినవాళ్లకి నా ఎరుకలో మెమో రాలేదు. ఒకరిద్దరికి మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు, అప్రైజల్‌లో "టీమ్ స్పిరిట్" అన్న గడిలో ఒక మార్కు తగ్గింది. ఆ మార్కు ఖరీదు ఎంతో మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే లెక్కవేసుకోవాలి. హోమ్ లోను ఉండి, ఇద్దరు పిల్లలుండి షేర్ కొట్టినవాళ్లను నేను తక్కువగా చూడను.

మీ విషయానికొస్తే నేను చేసే పని ఇది. పోస్టు తీసేశారు కదా, వెంటనే మళ్లీ పెట్టకండి. మీ హెచ్‌ఆర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పంపండి: ఫలానా తేదీన మీరు అడిగినందున పోస్టు తొలగించాను, అందులో కంపెనీ పేరు, క్లయింటు వివరాలు లేవు, ఏ నిబంధన ప్రకారం అభ్యంతరమో తెలియజేస్తే ఇకముందు జాగ్రత్తపడతాను. కోపం వద్దు, రాజ్యాంగం వద్దు. రెండు వారాలు చూడండి. జవాబు వస్తే నిబంధన ఏమిటో తెలుస్తుంది, రాకపోతే మీ మెయిల్ మీ దగ్గర రికార్డుగా ఉంటుంది. ఆ మెయిల్ ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి, రేపు ఆఫీసు మెయిల్ తెరవలేని రోజు రావొచ్చు.

ఈలోగా రాయడం ఆపకండి, పెట్టకపోయినా పర్వాలేదు. నోట్‌బుక్‌లో రాసుకోండి. తీసేసిన పోస్టు గుర్తున్నంతవరకు ఈ రాత్రే మళ్లీ రాసి తేదీ వేయండి, వారం పోతే సగం మాటలు గుర్తుండవు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, ఆదివారం ఖాళీ ఉంటే వెళ్లి కూర్చోండి. ఊళ్లో సాహిత్య సభలు జరుగుతుంటాయి. రాసింది నలుగురికి చదివి వినిపించడానికి స్క్రీన్‌షాట్ పడని చోటు ఇంకా ఉంది.

మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో సోషల్ మీడియా గురించి, గోప్యత గురించి ఉన్న పేరాలు కంపెనీ పేరు కప్పేసి ఇక్కడ టైప్ చేసి పెట్టండి. ఫొటో వద్దు, లెటర్‌హెడ్ మీద వాటర్‌మార్క్ ఉంటుంది. చూసి ఏ వాక్యం మీకు నిజంగా అడ్డో చెప్తాను.